గుడిలో దీవి, దీవిలో కాపు, కాపులో చాటు

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న చోట దీన్ని చెప్పేవాళ్ళు లేరు. అందుకని ఇప్పుడు చెబుతున్నాను, దగ్గరగా వచ్చి కూర్చోండి. మధ్యలో తెలియని మాట వస్తే సిగ్గుపడకుండా ఆపి అడగండి. ఒక మాటకు ఇంకో అర్థం ఉందేమోనని అడగనందుకే ఇందులో ఇద్దరు రాజకుమారులు రాళ్ళైపోతారు. భయపడకండి, చివరికి బాగానే ఉంటుంది. కొంచెం భయపడినా ఫరవాలేదు.

ఏడు సముద్రాలకు ఇవతలి గట్టున సిరివాడ అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి మణికేతుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు జయకేతు. ఏనుగు కనబడితే ఎదురెళ్ళేవాడు. నడిమివాడు విజయకేతు. పులి కనబడితే వెంటపడేవాడు. చిన్నవాడు అభయుడు. పేరుకే అభయుడు, ఒళ్ళంతా భయమే. బల్లి అరిస్తే ఉలిక్కిపడేవాడు. తలుపుకి గడియ పెట్టి, పెట్టానో లేదోనని మళ్ళీ వెనక్కి వచ్చి చూసేవాడు. పాలు తాగేముందు ఊదేవాడు, ఊదాక వేలు పెట్టి చూసేవాడు, చూశాక కూడా "ఇవి చల్లారినట్టేనా అమ్మా?" అని అడిగేవాడు.

"వీడికి ఈ పేరు పెట్టిన పురోహితుణ్ణి ఒకసారి పిలిపించండి నాన్నగారూ" అని అన్నలు నవ్వేవాళ్ళు.

ఆ ముగ్గురూ పెద్దవాళ్ళయ్యాక పుట్టింది చెల్లెలు కువలయ. పాలపళ్ళు ఇంకా ఊడలేదు. అభయుడి భయాల్లో సగం ఆ పిల్ల గురించే. ఆమె పక్క గదిలో ఆడుకుంటుంటే ఇక్కణ్ణుంచి "కువలయా, ఉన్నావా?" అని కేకేసేవాడు.

"ఉన్నానన్నా!"

కాసేపటికి మళ్ళీ, "ఉన్నావా?"

"ఉన్నానని ఇప్పుడేగా చెప్పాను!"

ఆ మాట చెవిన పడితేనే అతనికి ఊపిరి ఆడేది.

ఒకనాడు "ఉన్నావా?" అంటే జవాబు రాలేదు.

అభయుడు పరుగెత్తాడు. రాణివాసం ముంగిట్లో తాటిచెట్టంత పొగ లేచి ఉంది. ఆ పొగలో ఒక మనిషి ఉన్నాడు. అతని జుట్టూ పొగే, గడ్డమూ పొగే. వాడే ధూమజటుడు, ఏడో సముద్రం మీద ఉండే మాంత్రికుడు. వాడి చంకలో కువలయ ఉంది. భటులు కత్తులు విసిరితే పొగలోంచి ఇటు దూరి అటు వచ్చాయి.

"రాజా! నాకు పిల్లల్లేరు. నా మంత్రాలకు ఒక వారసురాలు కావాలి. నీ కూతురు చురుకైంది, తీసుకుపోతున్నాను" అన్నాడు ధూమజటుడు.

రాణి వాడి కాళ్ళమీద పడింది. "దాని మాట నీకు తెలియదు, నీ మాట దానికి తెలియదు. ఆకలేస్తే ఎలా అడుగుతుంది నాయనా? వదిలిపెట్టు."

"మాటదేముంది? ఒక్కొక్కటే మరిపిస్తాను. మీ ఇంటి మాట ఒక్కటి దాని నోట మిగిలి ఉన్నా అది నీ కూతురే. చివరి మాట పోయిందా, నా కూతురు. ఆ పైన నువ్వు ఎదురుగా నిలబడి ఏడ్చినా ఎవరో ఏడుస్తున్నారనుకుంటుంది."

రాజు అడిగాడు, "ఒరే దుర్మార్గుడా, నీకు చావే లేదా?"

ధూమజటుడు విరగబడి నవ్వాడు. "ఎందుకు లేదు? ఎక్కడుందో మీ భాషలోనే చెబుతాను వినండి. గుడిలో దీవి. దీవిలో కాపు. కాపులో చాటు. చాటులో చిలుక. చిలుకలో నా ప్రాణం. చేతనైతే వచ్చి తీసుకోండి!"

పొగ చెదిరింది. ముంగిట్లో కువలయ ఆడుకుంటున్న గవ్వలు మాత్రం మిగిలాయి.

పెద్దవాడు జయకేతు అప్పటికప్పుడు కత్తి కట్టుకున్నాడు. "గుడి అంటే తెలియనిదెవరికి? దేవుడుండే చోటు. ఏదో దీవి మీద గుడి ఉంటుంది. వెతికి పట్టుకుంటాను."

అభయుడు నసిగాడు. "అన్నయ్యా, వాడు దీవిలో గుడి అనలేదు. గుడిలో దీవి అన్నాడు. అంత పెద్ద దీవి గుడిలో ఎలా పడుతుంది? గుడి అంటే ఇంకేమైనా ఉందేమో..."

"ఒరే, గుడి అంటే గుడే. నువ్వు వెళ్ళి పాలు ఊదుకో."

జయకేతు తల్లి ముందు ఒక గన్నేరు కొమ్మ నాటాడు. "ఇది పచ్చగా ఉన్నంతవరకూ నేను క్షేమమమ్మా" అని ఓడెక్కాడు. రెండో సముద్రంలో ఒక దీవి, దాని మీద బంగారు గోపురం తళతళలాడుతూ కనబడ్డాయి. అది ధూమజటుడు పన్నిన వల. జయకేతు కాలి చెప్పులైనా విడవకుండా, చేతి కత్తైనా దించకుండా లోపలికి దూసుకుపోయాడు. గడప దాటగానే రాతి స్తంభమైపోయాడు. ఇక్కడ కొమ్మ వాడింది.

నడిమివాడు విజయకేతు లేచాడు. "అన్న పొరబడ్డాడు. అసలు గుట్టు కాపులో ఉంది. కాపు అంటే కాపలా. ఎక్కడ కావలి గట్టిగా ఉంటే అక్కడే చిలుక."

"చిన్నన్నయ్యా, కాపు అంటే..."

"కాపు అంటే కావలి! నీకు అనుమానం లేని మాట ఒక్కటైనా ఉందట్రా?"

విజయకేతూ గన్నేరు కొమ్మ నాటి ఓడెక్కాడు. నాలుగో సముద్రంలో ఒక ఇనుప కోట కనబడింది. కోట చుట్టూ కొండంత రాక్షసులు కావలి తిరుగుతున్నారు. విజయకేతు వాళ్ళతో పోరాడి గెలిచాడు, నిజమే. గెలిచి తలుపు తోశాడు. తోసినవాడు తోసినట్టే రాయైపోయాడు. ఇక్కడ రెండో కొమ్మ వాడింది.

ఇప్పుడు రాజు అభయుణ్ణి వెళ్ళమనలేదు. రాణీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడమే అభయుడికి ఎక్కువ భయంగా ఉంది. వాడిన కొమ్మల దగ్గర తల్లి కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది నాన్నా."

"వెళితే ఏమవుతుందోనని భయం. వెళ్ళకపోతే ఏమవుతుందోనని భయం."

"రెంటిలో ఏది పెద్దది?"

అభయుడు ఈ పూట కువలయ ఏ మాట మరిచిపోయిందో అనుకున్నాడు. లేచి ఒక గన్నేరు కొమ్మ నాటాడు. నీళ్ళు పోశాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, చాలినన్ని పోశానో లేదోనని తిరిగొచ్చి మళ్ళీ పోశాడు. అప్పుడు బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఆరేసిన వలలో ఒక గోరువంక చిక్కుకుని రెక్కలు కొట్టుకుంటోంది. అభయుడు పక్కన చతికిలబడ్డాడు. "నొప్పిగా ఉందా? ఈ దారం లాగనా? లాగితే కాలు నొక్కుకుంటుందేమో. పోనీ ఆ దారం లాగనా?"

"ఏదో ఒక దారం లాగు మహానుభావా! లేదంటే నేను ముసలిదాన్నై ఇందులోనే పోతాను!" అంది గోరువంక.

అభయుడు ఉలిక్కిపడి వెనక్కి పడ్డాడు. మళ్ళీ ముందుకు వచ్చి, ఒక్కొక్క దారమే విప్పాడు. ఒక్క ఈక కూడా రాలకుండా పక్షి బయటికి వచ్చింది.

"నీ పేరేమిటి?"

"అభయుడు."

గోరువంక ముక్కు తెరిచి పకపకా నవ్వింది. "భయరాజు అంటే సరిపోయేది. ఎక్కడికి ప్రయాణం భయరాజుగారూ?"

అతను చెప్పాడు. ధూమజటుడి పేరు వినగానే గోరువంక నవ్వు ఆగిపోయింది. "వాడు నాకూ శత్రువే. నేనూ వస్తాను. ఎందుకని ఇప్పుడు అడక్కు." ఈలపాటలా కూసి ఒక తాబేలును పిలిచింది. ఆ తాబేలు చిన్న గుట్టంత ఉంది, చాలా ముసలిది.

"ఎక్కు మనవడా. తొందరపడకు. తొందరపడేవాళ్ళను నేను మోయలేను" అంది తాబేలు.

"నాతో ఆ చిక్కు లేదు తాతా" అన్నాడు అభయుడు.

వాళ్ళు ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రంలో ప్రవేశించారు. అక్కడ నీళ్ళమీద ఒక బుడగ తేలుతూ వచ్చింది, నిమ్మకాయంత. అభయుడి ముక్కుకు తగిలి టప్పున పగిలింది. పగిలినప్పుడు లోపలినుంచి కువలయ గొంతు వినబడింది.

"ఏనుగు."

అంతే. ఇంకేమీ లేదు.

అభయుడు నీళ్ళకేసి వంగాడు. "చెల్లి గొంతే! ఏనుగు అంటుందేమిటి?"

గోరువంక మెల్లగా చెప్పింది. "మాంత్రికుడు మరిపించిన మాట ఇలా నోట్లోంచి బుడగై వచ్చేస్తుంది. ఇక నీ చెల్లెలికి ఏనుగు అన్న మాట తెలియదు. ఏనుగును చూసినా ఏమనాలో తోచదు."

"మరి బుడగ పగిలిపోతే ఆ మాట ఏమవుతుంది?"

"విన్నవాళ్ళుంటే వాళ్ళ దగ్గర ఉంటుంది. లేకపోతే గాల్లో కలిసిపోతుంది."

ఆ మాట విన్నాక అభయుడికి మరో భయం పట్టుకుంది. తాను చూడకుండా ఏ బుడగ పోతుందోనని. నీళ్ళమీంచి కళ్ళు తిప్పలేదు. ఉయ్యాల అన్న మాట వచ్చింది. చెమ్మచెక్క వచ్చింది. గోరుముద్ద వచ్చింది. వచ్చినదాన్నల్లా "ఏనుగు, ఉయ్యాల, చెమ్మచెక్క, గోరుముద్ద" అని మొదటినుంచీ వల్లించుకునేవాడు. అతనికి కన్ను మూతపడితే గోరువంక వినేది. గోరువంక కునికితే తాబేలు వినేది.

ఆ రెండో సముద్రంలోనే బంగారు గోపురం కనబడింది. దాని గడప లోపల ఒక రాతి స్తంభం ఉంది. స్తంభం మీద అన్న జయకేతు ముఖం. అభయుడు ఏడుస్తూ దూకబోయాడు. దూకబోయి ఆగాడు. "ఇది దీవిలో గుడి. వాడు చెప్పింది గుడిలో దీవి. అన్నయ్యా, తిరుగు దారిలో వస్తాను, నన్ను తిట్టుకోకు" అని చేతులు జోడించాడు. తాబేలు ముందుకు సాగింది.

కల్లు సముద్రంలో తాబేలు తూలుతూ ఈదింది. నేతి సముద్రంలో జారుతూ ఈదింది. ఆ నేతి సముద్రంలోనే ఇనుప కోటా, తలుపు మీద చెయ్యి వేసి రాయైన విజయకేతూ కనబడ్డారు. అక్కడా అభయుడు చేతులు జోడించి, ముఖం తిప్పుకుని, దాటాడు. పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. బుడగలు వస్తూనే ఉన్నాయి. మొదట్లో ఒంటె, నెమలి, కోట లాంటి దూరపు మాటలు వచ్చేవి. ఇప్పుడు దగ్గరి మాటలు వస్తున్నాయి. నిద్ర. నీళ్ళు. అన్నం.

ఏడోది మంచినీళ్ళ సముద్రం. అక్కడ ఏమీ లేదు. గుడి లేదు, దీవి లేదు, కాకైనా లేదు. తాబేలు తూర్పుకు ఈదింది, పడమరకు ఈదింది. నీళ్ళే. ఒక బుడగ వచ్చి పగిలింది.

"నాన్న."

అభయుడు తల పట్టుకున్నాడు. ఇంకెన్ని మిగిలాయి? ఇంట్లో వాళ్ళను పిలిచే మాటల దాకా వచ్చేశాయే!

మధ్యాహ్నం తిరిగింది. పల్చటి మబ్బు కమ్మి ఎండ మసకబారింది. తాబేలు మెడ చాచి ఆకాశం చూసి గొణిగింది. "మనవడా, ఎటైనా ఒడ్డు పట్టుకోవాలి. సూర్యుడికి గుడి కట్టింది చూడు. దూరపు గుడి దగ్గర వాన అంటారు. తడిసిపోతావు."

"ఏం కట్టింది?"

"గుడి."

"ఏదీ? ఏదీ? మళ్ళీ అను తాతా!"

"గుడిరా బాబూ! సూర్యుడి చుట్టూ గుండ్రంగా కడుతుందే, ఆ గుడి. నీకేమైంది?"

అభయుడు తలెత్తాడు. మసక సూర్యుడి చుట్టూ పెద్ద వెలుగు వలయం. దాని కింది అంచు దూరాన నీళ్ళను తాకుతోంది. దేవుడి చుట్టూ కట్టినా గుడే, సూర్యుడి చుట్టూ కట్టినా గుడే. ఆ వలయంలోంచి చూస్తే, సరిగ్గా అంచు నీళ్ళను తాకే చోట, నువ్వుగింజంత నల్లగా ఏదో ఉంది. వలయం పక్కనుంచి చూస్తే ఏమీ లేదు. లోపలినుంచి చూస్తేనే ఉంది.

"గుడిలో దీవి!" అని అరిచాడు. "తాతా, అటు! ఆ గుడి చెరిగిపోకముందే!"

ముసలి తాబేలు తన ఆయుష్షులో ఎప్పుడూ ఈదనంత వేగంగా ఈదింది. వాళ్ళు ఒడ్డుకు తగలగానే వాన మొదలైంది, ఆకాశంలో గుడి చెరిగిపోయింది. ఇసుకలో అభయుడి కాళ్ళ దగ్గరే ఒక బుడగ పగిలింది.

"అమ్మ."

అతను దాన్ని దోసిట పట్టబోయాడు. దోసిలి తడిసింది, అంతే.

వాన వెలిసింది. దీవి అంతా తోటే. తోట నడుమ రాతి మండపం, దాని చుట్టూ వరసగా ఈటెలు పట్టుకున్న రాక్షసులు. కాపు అంటే ఇదేనా? ఇంతమంది కాపలా ఉన్న చోటే చిలుక ఉంటుందా? మరి చిన్నన్నయ్య అలా అనుకునేగా రాయైపోయాడు? కానీ అది నాలుగో సముద్రం, ఇది ఏడోది. ఒకచోట అబద్ధమైంది ఇంకోచోట నిజం కాకూడదని ఎక్కడుంది? అభయుడు పొద చాటున కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

గోరువంక చెట్టు చెట్టుకూ ఎగిరి విసుగ్గా వచ్చి వాలింది. "ఆకలేసి కళ్ళు తిరుగుతున్నాయి భయరాజా. ఎంత తోటో చూడు, ఒక్క చెట్టూ కాపు మీద లేదు! మామిడికి పిందె లేదు, నేరేడుకు పండు లేదు. ఆ మూల జామచెట్టొక్కటే విరగకాసింది."

అభయుడు గోళ్ళు కొరకడం ఆపాడు.

"ఇప్పుడు నువ్వేమన్నావు?"

"ఆకలన్నాను."

"ఆ తర్వాత."

"ఒక్క చెట్టూ కాపు మీద... ఓ!" గోరువంక ముక్కు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

కాపు కాసేవాళ్ళు అటు మండపం చుట్టూ ఉన్నారు. కాపు కాసిన చెట్టు ఇటు మూలన ఉంది. రాక్షసులు చూడకుండా ఇద్దరూ ఇటు వచ్చారు.

జామచెట్టు కింద మనుషులంత రాళ్ళు చాలా ఉన్నాయి. ప్రతి రాయికీ చెయ్యి పైకి చాచి ఉంది. అందరూ ఇక్కడిదాకా వచ్చినవాళ్ళే. అందరూ ఒకే కొమ్మ వైపు చెయ్యి చాచారు. అభయుడు ఆ చేతులు చూపిన వైపు చూశాడు. దట్టమైన ఆకుల చాటున, ఊపిరి బిగబట్టి, ఒక బంగారు చిలుక కూర్చుని ఉంది.

చిటారు కొమ్మన ఇంకో చిలుక ఉంది. ఈకలు చెదిరిపోయి, ఎముకలు తేలి, చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉంది. అది గొంతు చించుకుని అరుస్తోంది. "నేనే! ధూమజటుడి ప్రాణం నేనే! ఉన్నాను! ఉన్నాను!"

"పాపం, దానికి పిచ్చెక్కినట్టుంది" అంది గోరువంక.

అభయుడు ఒక చిలుకను చూసి, ఇంకో చిలుకను చూశాడు. చాటు అంటే మరుగు. అలా చూస్తే ఆకుల చాటున ఉన్న బంగారు చిలుకే. చాటు అంటే ఎలుగెత్తి చెప్పడం కూడా. దండోరా వేసేవాడు చాటేది అదే. అలా చూస్తే చిటారు కొమ్మన ఉన్నదే. రెండుసార్లూ రెండో అర్థమే నిజమైంది. కానీ ధూమజటుడు జిత్తులమారి. మూడోసారికి మొదటి అర్థమే పెట్టి ఉంటే? ఈ రాళ్ళలో తనలాగే రెండో అర్థం ఆలోచించి, చివర్లో మనసు మార్చుకున్నవాళ్ళు ఎందరో!

అప్పుడు తోటలోంచి ఒక బుడగ ఊగుతూ వచ్చింది. అతని భుజం మీద వాలి పగిలింది.

"అన్న."

అభయుడు కదల్లేకపోయాడు. కువలయ నోట ఇంకేమైనా మిగిలిందా? ఇదే చివరిదా?

"ఏదో ఒకటి చెయ్యి!" గోరువంక అతని జుట్టు పీకింది.

పైన చిలుక అరుస్తూనే ఉంది. "ఉన్నాను! ఉన్నాను!"

ఆ అరుపు వింటుంటే అభయుడికి ఒక్కసారిగా అర్థమైంది. ఇది పిచ్చి చిలుక అరుపు కాదు, జవాబు. ఎవరో "ఉన్నావా, ఉన్నావా" అని లోపల్లోపల అడుగుతూ ఉంటే చెప్పే జవాబు. ప్రాణం లాంటిదాన్ని కనబడనంత దూరంలో పెట్టుకున్నవాడు దాన్ని నోరు మూసుకుని ఉండనిస్తాడా? తనైతే ఉండనివ్వగలడా? ఒక్క పూటైనా?

"వీడూ నాలాంటి భయస్తుడే" అన్నాడు అభయుడు. "బంగారు చిలుక కాదు. పైదే."

అతను చెట్టెక్కడం మొదలుపెట్టాడు.

"కిందికి చూడకు" అంది గోరువంక.

"చూశాను."

"చూడొద్దన్నానుగా!"

"అన్నావనే చూశాను."

కళ్ళు సగం మూసుకుని చిటారు కొమ్మ చేరాడు. దగ్గరినుంచి చూస్తే చిలుక నాలుక ఎండిపోయి ఉంది. చుట్టూ దోరజామపళ్ళు వేలాడుతున్నా ఒక్కటైనా కొరికే తీరిక దానికి లేదు. కొరికితే అరుపు ఆగాలి. అరుపు ఆగకూడదు. అభయుడికి దాన్ని చూస్తే జాలేసింది. ఒక పండు కోశాడు.

అంతలో చెట్టు కింద పొగ సుడి తిరిగింది. ధూమజటుడు నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో కువలయ చెయ్యి. కువలయ పైకి చూసింది. ఎవరో చెట్టెక్కారు అన్నట్టు చూసింది.

"దిగు!" అన్నాడు మాంత్రికుడు. గొంతు తియ్యగా మార్చుకున్నాడు. "ఆ పిచ్చిపక్షితో నీకెందుకు? నా ప్రాణం అదిగో, ఆ ఆకుల చాటున ఉంది. పట్టుకో. పిల్లను తీసుకుపో."

"నీ ప్రాణం ఎక్కడుందో నువ్వే చూపిస్తున్నావా?" అన్నాడు అభయుడు. అతను ఒక సంగతి గమనించాడు. చిలుక ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా మాంత్రికుడు కూడా బిగుసుకుపోతున్నాడు.

"సరే, దిగుతాను. దిగేముందు ఆకలితో ఉన్న పక్షికి ఒక పండు పెడితే నీకేం?"

"వద్దు!"

అప్పటికే చిలుక పండు అందుకుంది. ఆ తీపి తగిలేసరికి దానికి ఇంకేమీ గుర్తులేదు. ముక్కు నిండా జామపండు. తోటంతా నిశ్శబ్దం.

"ఉన్నావా?" అన్నాడు ధూమజటుడు.

చిలుక ఇంకో ముక్క కొరికింది.

"ఉన్నావా? ఉన్నావా?" ఆ గొంతు సన్నబడింది. గడ్డం చెదిరింది, జుట్టు చెదిరింది, వేళ్ళు చెదిరాయి. చాటినంతసేపే బతికే ప్రాణం, చాటడం ఆగగానే ఆగిపోయింది. గాలి వీచింది. కువలయ చెయ్యి పట్టుకుని ఉన్నది కాస్త పొగ, ఆ తర్వాత అదీ లేదు.

చాచిన చేతులన్నీ కిందికి దిగాయి. రాళ్ళైనవాళ్ళందరూ మనుషులై ఆవులిస్తూ కదిలారు. మండపం చుట్టూ ఉన్న రాక్షసులు మాయమయ్యారు. గోరువంక ఉన్న చోట ఒక అమ్మాయి నిలబడి, చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఆమె పగడాల దీవి రాజకుమార్తె, పేరు శారిక. మాంత్రికుడి మాట విననందుకు వాడు పక్షిని చేశాడు. అభయుడు ఇవేవీ చూడలేదు. చెట్టు దిగి కువలయ దగ్గరకు పరుగెత్తాడు.

"కువలయా, ఉన్నావా?"

జవాబు లేదు. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

మాంత్రికుడు పోయాడు కానీ మాటలు తిరిగి రాలేదు. పగిలిన బుడగలు పగిలిపోయాయి. చివరి మాట పోయిందా? తాను ఒక్క పండంత ఆలస్యం చేశాడా? అభయుడు ఆ పిల్ల బెదరకుండా కాస్త దూరంగా కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక, ఇంట్లో చేసే పనే చేశాడు. కథ మొదలుపెట్టాడు.

"ఒక ఊళ్ళో ఒక ఏనుగు ఉండేది."

కువలయ చూస్తూ ఉంది.

"దానికి ఉయ్యాల ఊగాలనిపించింది."

"ఊఁ" అంది కువలయ.

శారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కథ చెబుతుంటే వినేవాళ్ళు అనే ఊఁ అది. ధూమజటుడు ఆ పిల్ల మాటలన్నీ ఏరి ఏరి తీసేశాడు కానీ, ఆమెకు ఒక్క కథైనా చెప్పలేదు. చెప్పనివాడికి ఊఁ ఎలా వినబడుతుంది? అది మాటేనని వాడికి తెలియలేదు. ఆ ఒక్క ఊఁతో ఆమె ఇంకా సిరివాడ పిల్లే.

అభయుడు చెబుతూనే ఉన్నాడు. తాబేలు మీద తిరిగి వస్తూ చెప్పాడు. ఏనుగు చెమ్మచెక్క ఆడింది. ఊఁ. ఏనుగుకు ఎవరో గోరుముద్దలు తినిపించారు. ఊఁ. తాను విన్న మాటలన్నీ కథలో పెట్టాడు. తాను కునికినప్పుడు వచ్చినవి శారిక గుర్తుచేసింది, తాబేలు గుర్తుచేసింది. దారిలో విజయకేతు ఎక్కాడు. జయకేతు ఎక్కాడు. "గుడి అంటే ఏమిట్రా మరి?" అని అన్నలు అడిగితే, "ఉండండి అన్నయ్యా, కథ మధ్యలో ఉంది" అన్నాడు. ఏనుగుకు అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అన్న ఉన్నాడు. ఊఁ. ఊఁ. ఊఁ.

సిరివాడ ఒడ్డు కనబడేసరికి అతను విన్న మాటలన్నీ అయిపోయాయి. ఎవరూ వినకుండా పోయినవి ఎన్నో, అవి ఏవో ఎవరికి తెలుసు? అభయుడు భయపడుతూ కథ ఆపాడు.

కువలయ అతని ఉత్తరీయం పట్టుకుని గుంజింది.

"ఆ తర్వాత ఏమైందన్నా?"

ఆ మాటల్లో ఒక్క అన్న తప్ప మిగతావేవీ అతను ఇచ్చినవి కావు. ఏ బుడగలోనూ వచ్చినవి కావు. తనంతట తానే అంది. అభయుడు ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఏడవకు, ఏనుగుకేం కాలేదుగా" అంది కువలయ.

ఒడ్డున రాణి నిలబడి ఉంది. ఆమెను చూసి కువలయ తాబేలు మీంచి దూకి, నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళింది.

అభయుడికీ శారికకూ పెళ్ళి జరిగింది. మూడు ముళ్ళూ సరిగా పడ్డాయో లేదోనని పెళ్ళికొడుకు వంగి వంగి చూస్తుంటే, "పడ్డాయి భయరాజా, తల ఎత్తు, జనం నవ్వుతున్నారు" అంది పెళ్ళికూతురు. "ముగ్గురిలో ఆగి అడిగేవాడు వీడే" అని అన్నలే అతనికి పట్టం కట్టమన్నారు. ఏ తీర్పు చెప్పేముందైనా "ఈ మాటకు ఇంకేమైనా అర్థం ఉందా?" అని అడిగే రాజు కనుక, ఆయన ఏలుబడిలో తప్పు చేయనివాడికి శిక్ష పడలేదు. తలనెరిసి, పళ్ళూడి, మునిమనవల పెళ్ళిళ్ళు చూసేదాకా ఆ ఇద్దరూ సిరివాడను చల్లగా ఏలారు.

పిల్లలూ, కథ ఇంతే. ఇప్పటిదాకా ఇది నా దగ్గర ఉంది, ఇప్పుడు మీరు విన్నారు కనుక మీ దగ్గరా ఉంది. మీకంటే చిన్నవాళ్ళు దొరికినప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. ఏనుగుకు బదులు ఒంటెను పెట్టుకోండి, జామపండుకు బదులు మీ ఊళ్ళో దొరికే పండు పెట్టుకోండి, ఫరవాలేదు. గుడి, కాపు, చాటు, ఈ మూడు మాటలు మాత్రం మార్చకండి. మారిస్తే దీవి దొరకదు.